లూజు

జూలై పొద్దున బెండిగోలో
గడ్డి మీద తెల్లటి పొర ఇంకా కరగలేదు.
కార్‌పోర్టు కింద పాత దుప్పటి పరిచి
బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాను.
బ్యాటరీ కింద రేకు, రేకు కింద రెండు కేబుళ్ళు,
కేబుళ్ళ కొసల్లో ఉండాల్సినవి
లేవు.

"గేరుబాక్సే పోయింది హైమా, తుక్కుకిచ్చెయ్"
అన్నాడు డారిల్, బానెట్ కూడా ఎత్తకుండా.
కీలెరిగి వాత పెట్టాలని
అతని భాషలో ఎలా చెప్పాలో తోచలేదు.
నవ్వేసి, పద్నాలుగు డాలర్ల పొట్లం తెప్పించుకున్నాను.
నాలుగు బుష్షులు,
కోటు గుండీ కంటే కాస్త లావు.

పదకొండేళ్ళుగా ఊళ్ళో జనం
ఈ రాడ్డు పట్టుకునే నేర్చుకున్నారు.
ఎడమ సీట్లో నేను, నా కాలికింద నాదైన ఒక బ్రేకు.
బేకరీ కుర్రాడు మొదటి గేరుని
పిండి పిసికినట్టు పిసికేవాడు.
మొగుడు పోయిన నెలకి వచ్చింది మోరీన్, అరవై మూడేళ్ళు,
రివర్సు వేసే ప్రతిసారీ
కారుకి సారీ చెప్పేది.
నరసరావుపేట ఎముకల డాక్టరు ఒకాయన
నాలుగనుకుని రెండులో పడేసి
ఇంజను కేక పెట్టగానే
నా వైపు కాకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.
ఎవరూ విరగ్గొట్టలేదు.
అందరూ కలిసి అరగదీశారు, చెమట చేతుల్తో,
కొంచెం కొంచెం.

పోయిన వేసవి నుంచీ రాడ్డు పాలపన్నులా ఊగుతోంది.
గేరు మార్చడమంటే
కుండలో పప్పుగుత్తి తిప్పడమే.

క్లిప్పు టింగుమని ఎగిరి కంకర్లో పడింది.
ఫ్రిజ్ మీది కంగారూ బొమ్మ అయస్కాంతం తెచ్చి
మోకాళ్ళ మీద నేలంతా దువ్వాను.
రెండు మేకులు, ఎవరిదో తలపిన్ను,
చివరికి క్లిప్పు.
పాత బుష్షుల్లో మిగిలిందేదో
స్క్రూడ్రైవర్ తగలగానే
బెల్లప్పొడిలా రాలింది.

కొత్తవి చలికి బిర్రబిగిసి ఎక్కనన్నాయి.
టీ గ్లాసులో మరిగే నీళ్ళు పోసి
బాదం గింజల్లా నానబెట్టాను.
మెత్తబడ్డాక పట్టకారుతో నొక్కితే
టక్.
"కందెన" అన్నాను పైకే, వినే వాళ్ళు లేకపోయినా.
గ్రీజు అంటే నాకెందుకో
వేళ్ళకి అంటుకున్నట్టు ఉండదు.

ఇంజను ఆపిన కార్లో ఒక్కదాన్నే కూచుని
ఒకటి, రెండు, మూడు,
మళ్ళీ ఒకటి.
బీరువాలో తాళంచెవి తిరిగినట్టుంది.
పక్కింటి వాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అనుకుంటూనే
ఇంకో పదిసార్లు.

నాలుగింటికి పాటూ వచ్చింది.
కరెన్ పిల్ల, ఐదు నెలలుగా నా దగ్గరే,
గురువారం పరీక్ష.
మెక్‌ఐవర్ రోడ్డు మీద రెండు నుంచి మూడుకని
అలవాటుగా చెయ్యి కుడివైపుకి బాగా తోసి ఎత్తింది.
ఐదులో పడింది.
కారు మూలిగి, వణికి, ఆగిపోయింది.

"దీన్ని ఏం చేశావు?"
"బాగు చేశాను."
"ముందే బాగుంది."

పక్కకి ఆపించాను.
తొయ్యకు, చెయ్యి వదులుగా పెట్టి పైకి ఎత్తు,
అదే వెళ్తుంది అన్నాను.
నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే.
చూపిద్దామని చెయ్యి చాస్తే
నా చెయ్యీ గాల్లో కుడికే పోయింది,
లేని చోటు వెతుక్కుంటూ.
పాటూ చూసింది. ఇద్దరం నవ్వాం.

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర ఎర్రదీపం.
పాటూ కళ్ళు మూసుకుని
మూడులోకి వేసింది, తీసింది,
మళ్ళీ వేసింది.
ఆకుపచ్చ వెలిగింది.
వెనక యూట్ వాడు హారన్ కొట్టాడు.
ఇంకోసారి వేసింది.
నేనేమీ అనలేదు.